పేరంటానికి పిలుపు రాని జట్టు: 1951 శాన్ ఫ్రాన్సిస్కో డాన్స్ కథలో ఎంత నిజం?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "1951లో ఆడిన తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచిన యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ టీమ్‌ని ఆ వెంటనే ఎందుకు మూసేశారు? ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళను వదిలేసి రమ్మంటే మిగతావాళ్ళు ఒప్పుకోలేదని, అందుకే కాలేజీకి టీమే లేకుండా పోయిందని ఒక వీడియోలో విన్నాను. అంత గొప్ప టీమ్ అయితే ర్యాంకు 14 ఏమిటి?"

ముందుగా ఒక మాట: డాన్స్ (Dons) అంటే ఆ టీమ్ పేరు, నాట్యం కాదు. ఒప్పుకోకపోవడం నిజం. టీమ్ పోవడమూ నిజం. ఆ రెండిటి మధ్యలో వీడియోవాళ్ళు పెట్టిన "అందుకే" దగ్గరే నాకు పేచీ ఉంది. కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. నేను చరిత్ర ప్రొఫెసర్ని కాను. బే ఏరియాకి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. మా అబ్బాయి హైస్కూల్లో ఈ ఆట మొదలుపెట్టినప్పుడు వాలంటీర్ కావాలంటే వెళ్ళి మైదానం పక్కన గొలుసు పట్టుకున్నాను. వాడు చదువైపోయి ఉద్యోగంలో చేరాడు, నేను మాత్రం ఇప్పటికీ శుక్రవారం రాత్రి గొలుసు పట్టుకునే ఉన్నాను. ఆ గొలుసేమిటో చివర్లో చెబుతాను, ఈ కథతో దానికి పని ఉంది. ఇక్కడి ఆట చరిత్ర చదవడం నాకు ఎప్పటినుంచో పిచ్చి. ఈ జట్టు సంగతయితే మరీను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది కాలితో తన్నే సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. వంద గజాల మైదానం, అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్ళీ నాలుగు ఇస్తారు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. అవతలి చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. కాలేజీల్లో మన రంజీ ట్రోఫీలా ఫైనల్ అంటూ ఆ రోజుల్లో లేదు. సీజన్ అయిపోయాక, ఎక్కువగా జనవరి 1న, కొన్ని ఊళ్ళలో "బౌల్" ఆటలు జరిగేవి. ఒక్కో ఊరి కమిటీ తనకి నచ్చిన రెండు జట్లను పిలుచుకుంటుంది. మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్, డాలస్‌లో కాటన్ బౌల్, జాక్సన్‌విల్‌లో గేటర్ బౌల్. అంటే పేరంటం లాంటిదన్నమాట. ఎవరిని పిలవాలో ఇంటివాళ్ళ ఇష్టం. పిలిస్తే పేరు, దాంతోపాటు డబ్బు. కాలిఫోర్నియాలోనే ఉన్న రోజ్ బౌల్ మాత్రం అప్పటికే పశ్చిమ తీరపు పెద్ద కాలేజీలకూ, మధ్య పశ్చిమ రాష్ట్రాల బిగ్ టెన్ కాలేజీలకూ రాసిచ్చినట్టే. బయటివాళ్ళకు అక్కడ చోటు లేదు.

ఇక కాలేజీ. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్క్‌కి దగ్గర్లో గుట్ట మీద జెసూయిట్ ఫాదర్లు నడిపే కేథలిక్ కాలేజీ. చిన్నది. ప్రభుత్వం డబ్బు లేదు, సొంత స్టేడియం లేదు. పార్కు మూలన ఉన్న కెజార్ స్టేడియంలో ఆడేవాళ్ళు. దాదాపు అరవై వేల మంది పట్టే ఊరుమ్మడి స్టేడియం అది. ఈ జట్టుకి అందులో సగం నిండినా పండగే. అదే స్టేడియంలో 1946 నుంచి ఫోర్టీనైనర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు ఆడుతోంది. బే అవతల బర్క్‌లీలో కాల్, దక్షిణాన స్టాన్‌ఫర్డ్, రెండూ పెద్ద కాలేజీలు, పెద్ద స్టేడియాలు. వారానికి ఒక టికెట్ కొనగలిగే మనిషి ఎవరి ఆటకి వెళ్తాడో మీరే చెప్పండి.

యుద్ధం ముగిసిన కొత్త. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళకి ప్రభుత్వం చదువు ఖర్చు పెడుతోంది కాబట్టి కాలేజీ జట్లలో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ పక్కనే ముదురు మనుషులు ఉండేవాళ్ళు. ఈ జట్టులో జీనో మార్కెటీ అలాంటివాడే. జర్మన్లతో బల్జ్ యుద్ధంలో మెషిన్ గన్ పట్టినవాడు, 1951 సీజన్ నాటికి పాతికేళ్ళు. కోచ్‌ని కలవడానికి తోలు జాకెట్ వేసుకుని మోటార్ సైకిల్ మీద వచ్చాడని చెబుతారు. కోచ్ పేరు జో కుహారిచ్, నోటర్ డేమ్‌లో ఆడినవాడు, పరమ కఠినుడు. సీజన్‌కి ముందు క్యాంపు ఉత్తర కాలిఫోర్నియాలోని కార్నింగ్‌లో పెట్టాడు. ఆలివ్ తోటల ఊరది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆగస్టులో స్వెట్టర్ వేసుకుని తిరుగుతాం. కార్నింగ్‌లో అదే ఆగస్టు మన రెంటచింతల మే నెల.

ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళు ఆలీ మాట్సన్, బర్ల్ టోలర్. మాట్సన్ టెక్సాస్‌లో ట్రినిటీ అనే ఊళ్ళో పుట్టి శాన్ ఫ్రాన్సిస్కోలో చదువుకున్నాడు. టోలర్‌ది టెనెసీలోని మెంఫిస్. ఇద్దరూ ముందు సిటీ కాలేజ్ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కోలో కలిసి ఆడారు. 1948లో ఆ జట్టు కూడా ఒక్క ఆట ఓడలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఈ గుట్ట మీది కాలేజీకి వచ్చారు. మాట్సన్ బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. అప్పటి అలవాటు ప్రకారం డిఫెన్స్‌లోనూ ఆడేవాడు. టోలర్ ప్రధానంగా డిఫెన్స్ మనిషి. అతనితో ఆడినవాళ్ళలో కొందరు జట్టంతటిలోకీ గట్టి ఆటగాడు టోలరే అనేవాళ్ళు. మాట్సన్ ఉన్న జట్టులో ఆ మాట అనిపించుకోవడం మామూలు సంగతి కాదు.

ఇంకో మనిషి ఉన్నాడు, మైదానంలో కాదు, ఆఫీసులో. జట్టు గురించి పత్రికలకి వార్తలు పంపే కుర్రాడు పీట్ రోజెల్. ఆ పేరు గుర్తు పెట్టుకోండి.

1950లో ఈ జట్టు 7 గెలిచి 4 ఓడింది. స్టాన్‌ఫర్డ్ చేతిలో 55-7తో చిత్తయింది. అదే ఏడాది చివర్లో, రెగ్యులర్ సీజన్లో ఒక్క ఆటా ఓడని కాల్ జట్టు మీద మాత్రం 13-7 దాకా తీసుకొచ్చి ఓడింది. మధ్యలో ఏదో కుదిరిందన్నమాట. మర్నాటి ఏడాది షెడ్యూల్ చూస్తే స్టాన్‌ఫర్డ్ లేదు, కాల్ లేదు. పెద్ద కాలేజీ వైపు నుంచి ఆలోచించండి: ఈ చిన్న కాలేజీని గెలిస్తే పేరు రాదు, ఓడితే పరువు పోతుంది. ఎందుకు ఆడతారు? దాంతో శాన్ హోసే స్టేట్‌తో రెండుసార్లు ఆడాల్సి వచ్చింది. క్యాంప్ పెండిల్‌టన్ మెరీన్లతో ఒకటి, శాన్ డియేగో నేవీ జట్టుతో ఒకటి. కొరియా యుద్ధం నడుస్తోంది కాబట్టి సైనిక జట్లలో కాలేజీల నుంచి వెళ్ళిన మంచి ఆటగాళ్ళే ఉండేవాళ్ళు, తేలిగ్గా తీసేయడానికి లేదు. కానీ తూర్పున కూర్చుని ర్యాంకులకి ఓటేసే విలేఖరికి క్యాంప్ పెండిల్‌టన్ మీద 26-0 అంటే ఏమర్థమవుతుంది?

మీ 14వ ర్యాంకు ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. షెడ్యూల్ బలహీనం, ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ షెడ్యూల్ వాళ్ళు కోరి తెచ్చుకున్నది కాదు.

స్కోర్లు చెప్పేస్తాను. శాన్ హోసే స్టేట్ మీద 39-2, ఐడహో మీద 28-7, మెరీన్ల మీద 26-0, మళ్ళీ శాన్ హోసే మీద 42-7. తర్వాత న్యూయార్క్ వెళ్ళి ఫోర్డమ్ మీద 32-26. తిరిగొచ్చి నేవీ మీద 26-7, సాంటా క్లారా మీద 26-7, స్టాక్‌టన్‌లో పసిఫిక్ మీద 47-14, చివరగా లొయోలా మీద 20-2. మొత్తం తొమ్మిది ఆటల్లో 286 పాయింట్లు చేసి 72 ఇచ్చారు. ఆ 72లో ఫోర్డమ్ ఒక్కటే 26 చేసింది. అది పక్కన పెడితే ఎనిమిది ఆటల్లో ఇచ్చింది 46. ఆటకి ఆరు కూడా కాదు, అంటే ఒక టచ్‌డౌన్ కంటే తక్కువ.

ఫోర్డమ్ ఆట గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇదీ జెసూయిట్ కాలేజీయే, న్యూయార్క్‌ది. ఆట జరిగింది నది మధ్యలో ఉన్న రాండల్స్ దీవి మీద ట్రైబరో స్టేడియంలో. దేశంలో పెద్ద పత్రికలన్నీ ఉన్న ఊళ్ళో ఈ జట్టు కనిపించిన ఒకే ఒక్క రోజు అది. ఆ రోజు మాట్సన్ కిక్ఆఫ్ (ఆట మొదలుపెడుతూ అవతలి జట్టు తన్నే బంతి) పట్టుకుని 94 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఒకసారి అయితే గాలివాటం అనుకోవచ్చు. అదే ఆటలో మళ్ళీ కిక్ఆఫ్ పట్టుకుని 90 గజాలు వెళ్ళాడు.

కిక్ఆఫ్ వెనక్కి తెచ్చేవాడి పని ఏమిటో గీత పక్కన నిలబడి చూస్తే గానీ తెలియదు. బంతి ఆకాశంలో ఉంటుంది, నువ్వు తలెత్తి దాన్నే చూడాలి. అదే సమయంలో అటునుంచి పదకొండు మంది అప్పటికే పూర్తి వేగం అందుకుని నీ మీదికే వస్తుంటారు. మా స్కూలు పిల్లల ఆటలోనే ఆ బూట్ల చప్పుడుకి నా కాళ్ళ కింద గడ్డి అదురుతుంది. బంతి చేతిలో పడిన అర సెకనులో సందు ఎక్కడ తెరుచుకుంటుందో చూడాలి. నిజానికి చూడటం కాదు, ఇంకా తెరుచుకోని సందులోకి నమ్మి దూకాలి. చాలామంది 20 గజాలకి పడిపోతారు. మాట్సన్‌కి ఒంటి బరువు రెండు వందల పౌండ్ల పైన, కాళ్ళేమో ఒలింపిక్ కాళ్ళు. అలంకారంగా అనడం లేదు: మర్నాటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో కంచు, రిలేలో వెండి తెచ్చాడు. మన కె.డి. జాధవ్ కుస్తీలో కంచు గెలిచిన ఒలింపిక్స్ అవే.

ఆ సీజన్లో మాట్సన్ పరుగు మొత్తం 1,566 గజాలు, 21 టచ్‌డౌన్లు, దేశంలో అందరికంటే ఎక్కువ. ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైజ్‌మన్ ట్రోఫీ ఓట్లలో అతనికి దక్కింది తొమ్మిదో స్థానం. ట్రోఫీ ప్రిన్స్‌టన్ ఆటగాడు డిక్ కాజ్‌మేయర్‌కి వెళ్ళింది. కాజ్‌మేయర్ కూడా మంచి ఆటగాడే, అతన్ని తక్కువ చేయను. కానీ తొమ్మిదా?

అదే ఏడాది అక్టోబరులో ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్‌లో ఇంకో ఆట జరిగింది. డ్రేక్ అనే చిన్న యూనివర్సిటీకి ఆడే జానీ బ్రైట్ అనే నల్లజాతి ఆటగాడిని, బంతి అతని చేతిలో లేనప్పుడు, అవతలి జట్టువాడు కావాలని కొట్టి దవడ ఎముక విరగ్గొట్టాడు. పత్రికా ఫొటోగ్రాఫర్లు ఇద్దరు దాన్ని వరుస ఫొటోల్లో పట్టుకున్నారు, వాటికి 1952లో పులిట్జర్ వచ్చింది. మాట్సన్, టోలర్ ఆడిన దేశం ఆ ఏడాది ఎలా ఉందో చెప్పడానికి ఆ ఫొటోలు చాలు.

ఇక పిలుపు సంగతి. పసిఫిక్ మీద 47-14తో గెలిచాక బౌల్ కబుర్లు ఊపందుకున్నాయి. ఆరెంజ్ బౌల్ పేరు అందరికంటే ఎక్కువ వినిపించింది. వచ్చిన కబురు సారాంశం ఇది: మాట్సన్‌నీ టోలర్‌నీ ఇంటి దగ్గర వదిలేసి రండి, ఆడనిస్తాం. ఇలాంటి షరతులు ఎవరూ లెటర్‌హెడ్ మీద టైపు చేసి పంపరు. మనకి తెలిసింది ఆటగాళ్ళ నోటి నుంచీ, అప్పటి రేడియో, పత్రికల వాళ్ళ నుంచీ. కుహారిచ్ జట్టు ముందు ఆ మాట పెట్టాడు. జట్టు వద్దంది.

వీడియోల్లో ఇక్కడ సంగీతం పెంచుతారు, ఎవరో ఒకరు లేచి ఉపన్యాసం ఇస్తారు. ఆ ఆటగాళ్ళు తర్వాత ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చినదాన్ని బట్టి ఉపన్యాసం ఏమీ లేదు, పెద్ద చర్చ కూడా లేదు. వాళ్ళిద్దరూ లేకుండా వెళ్ళడమేమిటి అనుకున్నారు, అక్కడితో సరి. నాకైతే ఉపన్యాసం కంటే ఇదే నచ్చుతుంది. ఒకే క్యాంపులో ఎండకి మాడినవాళ్ళు, ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో దెబ్బలకి పట్టీలు కట్టించుకున్నవాళ్ళు. వాళ్ళకది లెక్కలు వేసుకోవాల్సిన ప్రశ్నలాగే అనిపించలేదు. ఇంకో సంగతి కూడా మర్చిపోవద్దు. మిగతావాళ్ళకి పోయింది ఒక ఆట. వాళ్ళిద్దరికీ అలాంటి మాట వినడం మొదటిసారి కాదు, ఆఖరిసారీ కాదు.

1952 జనవరి 1న ఎవరెవరు ఆడారో చూడండి. ఆరెంజ్ బౌల్‌లో జార్జియా టెక్, బేలర్. షుగర్ బౌల్‌లో మేరీల్యాండ్, టెనెసీ. గేటర్ బౌల్‌లో మయామీ, క్లెమ్‌సన్. ఆరు జట్లలో ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. "షెడ్యూల్ బలహీనం కాబట్టి పిలవలేదు" అన్నవాళ్ళకి ఈ వరుస చూపిస్తే చాలు.

అయితే గోడ అన్నిచోట్లా ఒకే ఎత్తులో లేదని కూడా చెప్పాలి, లేకపోతే నేనూ వీడియోవాళ్ళలాగే మాట్లాడినట్టు. డాలస్ కాటన్ బౌల్ 1948లోనే ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళున్న పెన్ స్టేట్‌ని ఆడించింది, ఆ ఆట 13-13తో టై అయింది. అదే 1948 చివర్లో టెక్సాస్‌లోనే ఎల్ పాసోలో జరిగే సన్ బౌల్‌కి పెన్సిల్వేనియాలోని లఫాయెట్ అనే చిన్న కాలేజీని పిలిచి, డేవిడ్ షోవెల్ అనే నల్లజాతి ఆటగాడిని మాత్రం ఆడనివ్వం అన్నారు. లఫాయెట్ వెళ్ళలేదు. అంటే మన డాన్స్ కంటే మూడేళ్ళ ముందే ఇంకో చిన్న కాలేజీ అదే పని చేసింది, దాని మీద వీడియోలు తక్కువ. తమాషా ఏమిటంటే 1952 జనవరి 1న అదే సన్ బౌల్‌లో ఆడింది ఎవరో తెలుసా? పసిఫిక్. డాన్స్ చేతిలో 47-14తో ఓడిన పసిఫిక్! ఆ సీజన్ పసిఫిక్ జట్టులో ఎడ్డీ మేకన్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నాడు. 1952లో షికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు అయింది అతనే. మూడేళ్ళలో ఎల్ పాసో కొంచెం మారింది, మయామీ మారలేదు. న్యూ ఆర్లీన్స్‌లో 1956లో పిట్స్‌బర్గ్ తరఫున బాబీ గ్రియర్ షుగర్ బౌల్ ఆడితే జార్జియా గవర్నరే గోల చేశాడు. ఆ ఏడాదే లూసియానా రాష్ట్రం నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఆడకూడదని ఏకంగా చట్టం చేసింది. ఒక అడుగు ముందుకి, ఇంకోచోట రెండు వెనక్కి.

ఇప్పుడు "అందుకే" సంగతి. సీజన్ అయిన కొద్ది వారాలకే కాలేజీ ఫుట్‌బాల్ మానేస్తున్నామని చెప్పేసింది. బౌల్‌కి వెళ్ళి ఉంటే ఆ డబ్బుతో టీమ్ బతికేదని ఆ ఆటగాళ్ళే కొందరు అనుకున్నారు. పాపం, అనుకోవడంలో తప్పు లేదు. నేను మాత్రం ఒప్పుకోను.

చుట్టుపక్కల చూడండి. సాంటా క్లారా, ఇదీ జెసూయిట్ కాలేజీయే, 1950 జనవరిలో సాక్షాత్తూ ఆ ఆరెంజ్ బౌల్‌కే వెళ్ళి కెంటకీని 21-13తో ఓడించి వచ్చింది. పేరూ వచ్చింది, డబ్బూ వచ్చింది. 1952 సీజన్ తర్వాత టీమ్ మూసేసింది. బే అవతల కొండల్లో ఉన్న సెయింట్ మేరీస్ 1946లో షుగర్ బౌల్ ఆడింది, 1950 సీజన్‌తో మూసేసింది. డాన్స్ చివరి ఆటలో ఓడించిన లొయోలా కూడా 1951తోనే మూసేసింది. వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్, పిట్స్‌బర్గ్‌లో డ్యూకేన్ 1950 తర్వాత ఆపేశాయి. న్యూయార్క్‌లో మాట్సన్ రెండు కిక్ఆఫ్‌లు తిరగగొట్టిన ఫోర్డమ్ 1954 దాకా లాగింది. ఊళ్ళలో ఉన్న ఇన్ని కేథలిక్ కాలేజీలకి ఒకే జబ్బు వచ్చిందంటే కారణం ఒక కబురు కాదు.

జబ్బు పేరు ఖర్చు. ఆ కాలపు నిబంధనల్లో ఎంతమందినైనా మార్చుకోవచ్చు కాబట్టి పెద్ద కాలేజీలు దాడికి ఒక జట్టు, డిఫెన్స్‌కి ఇంకో జట్టు పెట్టేశాయి. పదకొండు మంది సరిపోయేచోట ఇరవై ఇద్దరు, వాళ్ళకి స్కాలర్‌షిప్పులు, తిండి, బట్టలు, కోచ్‌లు. ఖర్చు ఎంత మీద పడిందంటే 1953కల్లా ఆ నిబంధనే తీసేయాల్సి వచ్చింది. కానీ అప్పటికే ఈ చిన్నవాళ్ళు లేరు. రెండోది టీవీ. ఇంట్లో కూర్చుని పెద్ద ఆటలు చూడగలిగితే గేటు దగ్గర టికెట్లు ఎవరు కొంటారన్న భయంతో కాలేజీల సంఘం ఎన్‌సీఏఏ 1951 నుంచే ప్రసారాలకి పరిమితులు పెట్టింది. మూడోది కొరియా. కుర్రాళ్ళు సైన్యానికి వెళ్తుంటే ఫీజుల మీద బతికే కాలేజీకి చదువే కష్టం, ఆట సంగతి దేవుడెరుగు. నాలుగోది ఆ ఫోర్టీనైనర్స్. ఫాదర్లు ఏటా నష్టం పూడ్చుకుంటూ వచ్చారు, ఇక చాలనుకున్నారు. నేను ఆ కుర్చీలో ఉన్నా బహుశా అదే చేసేవాణ్ణి, అదీ తిట్టుకుంటూనే.

కాబట్టి ఆ బౌల్‌కి వెళ్ళినా మహా అయితే ఒకటి రెండేళ్ళు వాయిదా పడేది. "టీమ్‌ని త్యాగం చేసి స్నేహితులను నిలబెట్టుకున్నారు" అని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ వాళ్ళు వద్దన్నప్పుడు టీమ్ పోతుందనే లెక్క వాళ్ళ ముందు లేదు. వాళ్ళ ముందున్నది మయామీ వెళ్ళాలా వద్దా అన్నది మాత్రమే. దానికే వద్దన్నారు. దీనికి ఇంకో అలంకారం ఎందుకు? తర్వాత 1960ల్లో చిన్న స్థాయిలో కొంతకాలం ఆడారు, 1971తో అదీ పోయింది. ఈ కాలేజీ పేరు ఆటల్లో మళ్ళీ మోగింది బాస్కెట్‌బాల్‌తో, 1955, 1956 వరుసగా జాతీయ ఛాంపియన్లు. ఆ జట్టుకి మూలస్తంభాలు బిల్ రసెల్, కె.సి. జోన్స్, ఇద్దరూ నల్లజాతివాళ్ళే.

ర్యాంకు 14 అన్న జట్టు మనుషులు తర్వాత ఏమయ్యారో చెబితే మీ ఆఖరి అనుమానం తీరుతుంది. మాట్సన్‌ని 1952 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే పద్ధతి అది) షికాగో కార్డినల్స్ మొత్తం మీద మూడో ఎంపికగా తీసుకుంది. కుహారిచ్ కూడా ఆ ఏడాది అక్కడికే కోచ్‌గా వెళ్ళాడు. 1959లో లాస్ ఏంజెలెస్ రామ్స్ మాట్సన్ ఒక్కడి కోసం తొమ్మిది మందిని ఇచ్చి కొనుక్కుంది. ఆ బేరం కుదిర్చిన రామ్స్ మేనేజర్ ఎవరనుకున్నారు? వార్తలు రాసే కుర్రాడు పీట్ రోజెల్! మర్నాటి ఏడాది అతనే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ మొత్తానికి అధిపతి, అంటే కమిషనర్, అయ్యాడు, 1989 దాకా ఆ కుర్చీ దిగలేదు. మార్కెటీ బాల్టిమోర్ కోల్ట్స్‌లో డిఫెన్స్‌కి కొత్త అర్థం చెప్పాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల బాబ్ సెయింట్ క్లెయిర్ ఫోర్టీనైనర్స్‌కి ఆడాడు. హైస్కూలు, కాలేజీ, ప్రొఫెషనల్ మూడింటికీ ఒకే కెజార్‌లో ఆడిన మనిషి. ఈ ముగ్గురూ ప్రొఫెషనల్ ఆటలో మేటివాళ్ళకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. రోజెల్ కూడా. ఒకే ఏడాది ఒకే కాలేజీ జట్టు నుంచి ముగ్గురు ఆటగాళ్ళు అక్కడికి చేరడం ఎంత అరుదో ఈ ఆట చూసేవాళ్ళని ఎవరినైనా అడగండి.

కెజార్ పాత స్టేడియం 1989లో కూల్చేశారు, ఇప్పుడున్నది చిన్నది. మైదానానికి సెయింట్ క్లెయిర్ పేరు పెట్టారు. నేను ఆదివారాలు అప్పుడప్పుడు అక్కడ ట్రాక్ మీద నడుస్తాను. పక్కన జాగింగ్ చేసేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఆ పేరెవరిదో తెలియదు.

టోలర్ సంగతి మిగిలింది. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో తీసుకుంది. ప్రొఫెషనల్ ఆట ఒక్కటీ ఆడకముందే, 1952 వేసవిలో షికాగోలో కాలేజీ ఆల్ స్టార్ ఆటలో మోకాలు పోయింది. ఆట అక్కడితో సరి. శాన్ ఫ్రాన్సిస్కోలో టీచర్‌గా చేరి, ఆ జిల్లా సెకండరీ స్థాయి బళ్ళలో మొదటి నల్లజాతి ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్ అతన్ని అంపైరింగ్‌కి తీసుకుంది. ఆ లీగ్‌లో మైదానంలోకి దిగిన మొదటి నల్లజాతి అఫిషియల్ అతనే. అప్పటి కమిషనర్ ఎవరో మీకు తెలుసు.

టోలర్ చేసిన పని హెడ్ లైన్స్‌మన్. ఇప్పుడు గొలుసు గురించి చెప్పొచ్చు. రెండు కర్రలు, మధ్యలో సరిగ్గా పది గజాల గొలుసు. గీత పక్కన మాలాంటివాళ్ళం పట్టుకుని నిలబడతాం. నాలుగు అవకాశాల్లో పది గజాలు వచ్చాయా లేదా అన్న అనుమానం వస్తే లైన్స్‌మన్ పిలుస్తాడు, గొలుసు పట్టుకుని మైదానం మధ్యలోకి పరిగెత్తాలి. అంతా నిశ్శబ్దం. గొలుసు లాగి పట్టుకుంటాం, కర్ర కొనకీ బంతి ముక్కుకీ మధ్య దూరం ఆయన వంగి చూస్తాడు. ఒకసారి నేను టెన్షన్‌లో కర్ర అరడుగు పక్కన పెట్టాను. లైన్స్‌మన్ ఏమీ అనలేదు, నా ముఖం వైపొకసారి చూసి తన బూటు మడమతో గీత మీద సరైన చోటు చూపించాడు. ఆ చూపు ఇంకా గుర్తే. మేము ఎవరి కనుసన్నల్లో పని చేస్తామో ఆ మనిషే హెడ్ లైన్స్‌మన్.

డాన్స్ ఆఖరి ఆట, లొయోలా మీద 20-2, ఎక్కడ జరిగిందో ఇందాక చెప్పలేదు. పసడీనాలో, రోజ్ బౌల్ స్టేడియంలో. ఏ బౌల్‌కీ పిలుపు రాని జట్టు ఆఖరిసారి ఆడింది దేశంలోకెల్లా పేరున్న బౌల్ స్టేడియంలోనే, నవంబరులో, ఒక మామూలు ఆట. 1980 జనవరిలో అదే స్టేడియంలో సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, జరిగింది, స్టీలర్స్‌కీ రామ్స్‌కీ మధ్య. చూడటానికి లక్ష మంది పైన వచ్చారు. కమిషనర్ పీట్ రోజెల్. గీత పక్కన గొలుసువాళ్ళని నడిపించిన హెడ్ లైన్స్‌మన్ బర్ల్ టోలర్.